సేవా చేశారు, లెక్కా అప్పజెప్పారు



ఈ పేజీలో మేము బాలింతల ఆహారం గురించో, షుగరు గురించో, వానాకాలపు జ్వరాల గురించో రాస్తుంటాము. ఈసారి కూడా ఒక జ్వరం గురించే రాస్తున్నాము. అయితే ఇది 230 ఏళ్ల క్రితం అమెరికాలో ఒక పట్టణాన్ని సగం ఖాళీ చేయించిన జ్వరం. దానితోపాటు మరొక వ్యాధి గురించి కూడా చెప్పాలి. మనిషిని ఒంటి రంగును బట్టి, పుట్టుకను బట్టి వేరుగా కూర్చోబెట్టే వ్యాధి అది. మొదటిదానికి టీకా కనిపెట్టారు. రెండవదానికి మాత్రం మందు మన దగ్గరే ఉన్నా, మనమే వేసుకోవడం లేదు.

ప్రార్థన ముగిసేవరకైనా ఆగలేదు

ఫిలడెల్ఫియా పట్టణంలో సెయింట్ జార్జెస్ అనే మెథడిస్టు సంఘము ఉంది. 18వ శతాబ్దం చివర ఆ సంఘములో తెల్లవారితోపాటు నల్లజాతి విశ్వాసులు కూడా చాలామంది ఉండేవారు. వారిలో ముఖ్యులు ఇద్దరు, రిచర్డ్ అలెన్, అబ్సలోమ్ జోన్స్.

ఇద్దరూ బానిసలుగా పుట్టినవారే. అలెన్ 1760లో పుట్టారు. కట్టెలు కొట్టి, ఇటుకల పని చేసి, యుద్ధకాలంలో ఉప్పు బండి తోలి, ఆ సంపాదనతో తన స్వేచ్ఛను తానే కొనుక్కున్నారు. జోన్స్ 1746లో పుట్టారు. ఆయన మొదట తన భార్యను విడిపించుకున్నారు. తల్లి బానిస అయితే పుట్టే బిడ్డలు కూడా బానిసలే అన్నది అక్కడి చట్టం. అందుకే భార్య విడుదల ముందు, తన విడుదల తరువాత.

సంఘము పెరిగేకొద్దీ నల్లవారిని బెంచీల మీద నుండి లేపి గోడల వెంట కూర్చోమన్నారు. తరువాత మేడ మీదికి పొమ్మన్నారు. ఒక ఆదివారం వారు వచ్చి కూర్చునేసరికి ప్రార్థన మొదలైంది. అందరూ మోకరించారు. అప్పుడు సంఘ పెద్ద ఒకరు వచ్చి జోన్స్‌ను పట్టుకొని పైకి లాగారు. ప్రార్థన ముగిసేవరకు ఆగమని జోన్స్ బతిమాలుకున్నారు. ఆయన ఆగలేదు. ప్రార్థన అయిపోగానే నల్లజాతి విశ్వాసులందరూ ఒక్కటిగా లేచి బయటికి వెళ్లిపోయారు. ఆ మందిరాన్ని బాగుచేయడానికి వారు తమ డబ్బు ఇచ్చారు, తమ చేతులతో పని చేశారు. అదే మందిరంలో వారికి మోకాలు వంచే చోటు లేకపోయింది.

అలెన్, జోన్స్ కలిసి 1787లో ఫ్రీ ఆఫ్రికన్ సొసైటీ అనే సహాయ సంఘాన్ని పెట్టారు. సభ్యులు నెలనెలా చందా వేసుకొని రోగులను, విధవరాండ్రను, తండ్రిలేని పిల్లలను ఆదుకునేవారు. ఈ చిన్న సంఘమే తరువాత ఒక పెద్ద పట్టణానికి ఆసరా అయింది.

జ్వరం వచ్చింది, ఊరు కదిలింది

1793 ఆగస్టులో ఫిలడెల్ఫియా రేవు దగ్గరి వీధులలో ఎల్లో ఫీవర్ పుట్టింది. తీవ్రమైన జ్వరం, తలనొప్పి, నడుము నొప్పి వస్తాయి. జబ్బు ముదిరితే కళ్లు, ఒళ్లు పచ్చబడి, నల్లని వాంతులు అవుతాయి. అందుకే దానికి ఆ పేరు. అప్పట్లో ఆ పట్టణ జనాభా సుమారు 50,000. చలికాలం వచ్చి మంచు పడేలోగా సుమారు 5,000 మంది చనిపోయారు. దాదాపు 20,000 మంది ఊరు వదిలి వెళ్లిపోయారు. ఆనాడు అమెరికా దేశ రాజధాని ఆ పట్టణమే. అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ కూడా వెళ్లిపోయారు.

ఉన్నవాళ్లు ఒకరి చెయ్యి ఒకరు తాకడం మానేశారు. ఇళ్లకు ఆనుకొని నడవడానికి భయపడి నడివీధిలో నడిచారు. భర్తను భార్య, పిల్లలను తల్లిదండ్రులు విడిచిపోయిన సంగతులు కూడా ఉన్నాయి. 2020లో, 2021లో కరోనాను చూసిన మనకు ఇది వేరేగా వివరించనక్కరలేదు.

ఆ సమయంలో డాక్టర్ బెంజమిన్ రష్ అనే పేరున్న వైద్యుడు నల్లజాతి వారిని సహాయానికి పిలిచారు. ఆయన బానిసత్వాన్ని వ్యతిరేకించిన మనిషే. కానీ ఆనాటి కొన్ని వైద్య రచనలను నమ్మి, నల్లవారికి ఈ జ్వరం అంటదని ఆయన అనుకున్నారు. ఆ మాట పత్రికలో కూడా వచ్చింది.

పిలుపు ఎవరి నుండి వచ్చిందో చూడండి. మోకరించినవారిని లేపివేసిన పట్టణం అది. మా వల్ల కాదని చెప్పినా తప్పు పట్టేవారు ఎవరున్నారు? కానీ అలెన్, జోన్స్ తమవారితో కూర్చుని ఆలోచించుకున్నారు. బాధలో ఉన్న తోటి మనుష్యులకు చేయగలిగినంత చేయడం తమ విధి అని తీర్మానించుకొని బయలుదేరారు.

ఇంటింటికీ వెళ్లినవారు

మొదట వెళ్లింది ఒక సందులోని ఇంటికి. ఇంట్లో భార్య అప్పటికే చనిపోయి ఉంది. భర్త కొన ఊపిరితో ఉన్నాడు. ఏ దిక్కూ లేని ఇద్దరు పిల్లలు పక్కన ఉన్నారు. ఆ రోజే వారు ఇరవైకి పైగా కుటుంబాలను చూశారు. తరువాత మేయరు మాథ్యూ క్లార్క్‌సన్ దగ్గరికి వెళ్లి, తాము ఏ పనిలో ఎక్కువ అక్కరకు వస్తామో అడిగారు.

రోగుల దగ్గర కూర్చోవడానికి మనుషులను ఏర్పాటు చేశారు. శవాలను తాకడానికి ఎవరూ రాకపోతే తామే పెట్టెలలో పెట్టి, బండ్ల మీద తీసుకెళ్లి పాతిపెట్టారు. అనాథలైన పిల్లలను భద్రమైన చోటికి చేర్చారు. డాక్టరు దొరకని ఇళ్లలో డాక్టర్ రష్ నేర్పిన ప్రకారం వైద్యం కూడా చేశారు. నరం కోసి రక్తం తీయడం ఆనాటి చికిత్స. 800 మందికి పైగా వారు అలా చేశారు.

ఈ చికిత్స సరైనది కాదని ఈనాడు నర్సింగ్ మొదటి సంవత్సరం పిల్లలకు కూడా తెలుసు. జ్వరంతో నీరసించిన ఒంటికి ద్రవాలు కావాలి, విశ్రాంతి కావాలి. అదే పట్టణంలో బుష్ హిల్ అనేచోట పెట్టిన జ్వరాల ఆసుపత్రిలో డాక్టర్ దెవేజ్ అనే ఫ్రెంచి వైద్యుడు అలాంటి మృదువైన చికిత్సే చేశారు. మందు విషయంలో ఆనాటివారు పొరబడ్డారు. కానీ మంచం పక్కన మనిషి ఉండాలన్న విషయంలో అలెన్, జోన్స్ పొరబడలేదు. నీళ్లు తాగించే చెయ్యి, ఒళ్లు తుడిచే చెయ్యి, ఒంటరిగా చనిపోనివ్వని తోడు, ఇవే నర్సింగుకు పునాది.

వారితోపాటు పేరులేని మనుషులు ఎందరో పనిచేశారు. ఒక ముసలి నల్లజాతి స్త్రీ ఒకాయనకు ఎంతో శ్రద్ధగా సేవ చేసింది. కోలుకున్నాక నీకేమి ఇమ్మంటావని ఆయన అడిగితే, చలికాలంలో ఒక పూట భోజనం పెడితే చాలని చెప్పిందట. సీజర్ క్రాంచల్ అనే ఆయన డబ్బు తీసుకోకుండానే రోగుల సేవకు వెళ్లి, చివరికి తానూ జబ్బుపడి చనిపోయాడు. అలెన్‌కు కూడా జ్వరం వచ్చింది. దేవుని కృప వలన ఆయన కోలుకున్నారు.

నల్లవారికి జ్వరం అంటదన్న మాట ఏమైంది? ఆ పట్టణంలో 1792లో పాతిపెట్టిన నల్లజాతివారు 67 మంది. 1793లో 305 మంది. ఏడాదిలో నాలుగు రెట్లకు పైగా పెరిగింది. తాను పొరబడ్డానని డాక్టర్ రష్ తరువాత ఒప్పుకున్నారు.

ఆ జ్వరం దోమ వల్ల వస్తుందని 1881లో క్యూబా దేశపు వైద్యుడు కార్లోస్ ఫిన్లే చెప్పారు. 1900లో వాల్టర్ రీడ్ బృందం రుజువు చేసింది. 1937లో మాక్స్ థైలర్ మంచి టీకా తయారుచేశారు. ఆ దోమ పేరు ఈడిస్. మన ఇళ్లలో కూలర్లలోను, పాత టైర్లలోను, పూలకుండీల కింది పళ్లేలలోను పెరిగి డెంగీ, చికున్‌గున్యా తెచ్చే దోమ అదే. కుట్టేముందు అది ఎవరి కులమూ అడగదు, ఎవరి రంగూ చూడదు.

లెక్కల పుస్తకం

ఇంతవరకు కథ మీకు నచ్చి ఉంటుంది. అవమానపడినవారు తిరిగి ప్రేమ చూపారు, ఎంత గొప్ప సాక్ష్యము అనుకుంటారు. చాలా ప్రసంగాలు ఇక్కడితోనే ముగుస్తాయి. కానీ అసలు సంగతి ఇకమీదటే ఉంది.

జ్వరం తగ్గగానే మాథ్యూ కేరీ అనే ప్రచురణకర్త ఆ విపత్తు గురించి ఒక పుస్తకం అచ్చువేశాడు. అది వేగంగా అమ్ముడుపోయి మళ్లీ మళ్లీ అచ్చయింది. అందులో అతడు అలెన్, జోన్స్‌లను మెచ్చుకున్నాడు. కానీ నల్లజాతి నర్సులలో కొందరు జనం కష్టాన్ని ఆసరా చేసుకొని ఎక్కువ డబ్బు గుంజారని, ఇళ్లు దోచుకున్నారని రాశాడు. ఇద్దరిని పొగిడి, ఆ జాతి పేరు మీద మచ్చ వేశాడు.

అలెన్, జోన్స్ ఊరుకోలేదు. దేవునికి తెలుసు, అది చాలు అని చేతులు ముడుచుకోలేదు. 1794లో వారు కలిసి ఒక చిన్న పుస్తకం రాసి అచ్చువేయించారు. అందులో తిట్లు లేవు, లెక్కలున్నాయి. తమకు వచ్చిన డబ్బు 233 పౌండ్ల 10 షిల్లింగుల 4 పెన్నీలు. ఎవరూ డబ్బు ఇవ్వని శవపేటికలకు తాము పెట్టింది 33 పౌండ్లు. ఐదుగురు కూలీలకు ఇచ్చింది 378 పౌండ్లు. మొత్తం ఖర్చు 411 పౌండ్లు. అంటే తమ చేతి నుండి పడింది 177 పౌండ్ల 9 షిల్లింగుల 8 పెన్నీలు. చనిపోయిన నల్లవారి లెక్క కూడా అందులోనే రాశారు. కూలి ధర ఎందుకు పెరిగిందో కూడా చెప్పారు. ఒక ఇంటివారు ఇస్తామన్నదానికంటే ఇంకో ఇంటివారు ఎక్కువ ఇస్తామని నర్సులను లాక్కుపోయారు. ధర పెంచింది ఆ పోటీయే. తెల్లవారిలో కూడా దొంగతనం చేసినవారు ఉన్నారు, అయినా ఒక్క జాతినే ఎందుకు వేలెత్తి చూపాలని ప్రశ్నించారు. అదే పుస్తకం చివర బానిసలను ఉంచుకున్న యజమానులకు ఒక విజ్ఞప్తి కూడా చేర్చారు. మేయరు క్లార్క్‌సన్ వారి సేవను మెచ్చుకుంటూ 1794 జనవరిలో పత్రం రాసి ఇచ్చారు.

మేము మా విద్యార్థినులకు చెప్పే మాట ఒకటుంది. చార్టులో రాయని పని చేయని పనితో సమానం. రాత్రంతా రోగి దగ్గర నిలబడినా, టైముతో సహా రాయకపోతే తెల్లారి దానికి సాక్ష్యం లేదు. అలెన్, జోన్స్ చేసింది అదే. మంచం దగ్గర సేవ చేశారు. తరువాత చార్టు రాశారు. సేవ ప్రేమ కోసం, లెక్క న్యాయం కోసం. ఈ రెండూ విశ్వాసము నుండే వచ్చాయి. ఒకటి చేసి రెండవది మానేస్తే, అన్యాయం చేసినవాడు మన సేవను వాడుకొని మన పేరును పాడుచేస్తాడు.

లూకా 10వ అధ్యాయములోని మంచి సమరయుని తలచుకోండి. గాయాలు కట్టడంతో ఆయన ఆగలేదు. సత్రపువానికి డబ్బు చెల్లించి, ఇంకా ఖర్చు అయితే తిరిగి వచ్చినప్పుడు తీరుస్తానన్నాడు. ప్రేమ లెక్క చూసుకోదని మనం అంటాము. తన లాభం లెక్క చూసుకోదు, నిజమే. ఎదుటివారికి చెందవలసిన లెక్క మాత్రం పైసలతో సహా చూస్తుంది.

1794 జూలైలో జోన్స్ ఆధ్వర్యంలో సెయింట్ థామస్ సంఘము, అలెన్ ఆధ్వర్యంలో బెతెల్ సంఘము ప్రతిష్ఠించబడ్డాయి. 1816లో ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ చర్చి ఏర్పడి అలెన్ మొదటి బిషప్ అయ్యారు. వారిని లేపివేసిన సెయింట్ జార్జెస్ ఇప్పుడు యునైటెడ్ మెథడిస్టు సంఘములో భాగం. ఆ సంఘమూ, అలెన్ స్థాపించిన సంఘమూ 2012లో ఒకదానినొకటి పూర్ణ సహవాసములో చేర్చుకున్నాయి. చాలా ఆలస్యమే. అయినా దేవునికి స్తోత్రము.

మళ్లీ ప్రార్థన సమయంలోనే

ఆ సంఘానికి చెందిన ఇమ్మానుయేల్ మందిరం దక్షిణ కరోలినా రాష్ట్రంలోని చార్ల్స్‌టన్‌లో ఉంది. 2015 జూన్ 17, బుధవారం రాత్రి అక్కడ బైబిలు పాఠం జరుగుతోంది. తెల్లజాతి యువకుడు ఒకడు వచ్చాడు. వారు అతనిని ఆదరించి కూర్చోబెట్టుకున్నారు. చివర ప్రార్థనకు కళ్లు మూసుకున్నప్పుడు అతడు తుపాకీ తీసి, పాస్టర్ క్లెమెంటా పింక్నీతో సహా తొమ్మిది మందిని చంపాడు.

రెండు రోజుల తరువాత కోర్టులో, చనిపోయినవారి కుటుంబీకులు కొందరు అతనిని క్షమిస్తున్నామన్నారు. ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. అంత త్వరగా క్షమించలేమన్నవారు కూడా ఆ కుటుంబాలలో ఉన్నారు. వారి విశ్వాసము తక్కువైందని మేము అనుకోము. గాయం మానడానికి ఒక్కో ఒంటికి ఒక్కో సమయం పడుతుంది. క్షమాపణ మాట వచ్చినంత మాత్రాన విచారణ ఆగలేదు. 2016 డిసెంబరులో నేరం రుజువైంది. బానిసత్వం నిలవాలని పోరాడిన పక్షపు జెండా ఆ రాష్ట్ర శాసనసభ ఆవరణలో ఏళ్ల తరబడి ఎగురుతూ ఉండేది. దానిని 2015 జూలై 10న దించేశారు. ఇక్కడ కూడా క్షమా జరిగింది, లెక్కా జరిగింది.

ఒంటి గురించిన అబద్ధాలు

నల్లవారికి జ్వరం రాదన్న అబద్ధం 1793తో చచ్చిపోలేదు. వేషం మార్చుకుంటూ వచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా రెడ్ క్రాస్ మొదట నల్లవారి రక్తం తీసుకోలేదు. 1942 నుండి తీసుకున్నా వేరుగా ఉంచింది. 1950 దాకా ఆ పద్ధతి నడిచింది. రక్తపు ప్లాస్మా నిల్వచేసే పనిలో ముందు నిలిచిన డాక్టర్ చార్ల్స్ డ్రూ నల్లజాతివారు కావడం గమనించండి. రక్తంలో ఎ, బి, ఎబి, ఓ గ్రూపులున్నాయి, ఆర్‌హెచ్ పాజిటివ్, నెగటివ్ ఉన్నాయి. మేము మ్యాచ్ చేసేది వాటినే. జాతిని, కులాన్ని చూపే పరీక్ష ఏ రక్తనిధిలోనూ లేదు.

నల్లని చర్మం మందమని, వారికి నొప్పి తక్కువని నమ్మే వైద్య విద్యార్థులు అమెరికాలో ఇంకా ఉన్నట్లు 2016లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. కరోనాలో మీరంతా వేలికి పెట్టుకున్న ఆక్సీమీటరు సంగతి కూడా వినండి. నల్లని చర్మం ఉన్న రోగులలో ఆక్సిజన్ నిజంగా తగ్గినా ఆ మిషను కొన్నిసార్లు బాగానే ఉన్నట్లు చూపుతుందని, తెల్లవారి కంటే ఇది దాదాపు మూడు రెట్లు ఎక్కువని 2020 డిసెంబరులో అమెరికా వైద్యులు ప్రకటించారు. కాబట్టి అంకె బాగుందని ఇంట్లో కూర్చోకండి. ఆయాసం ఉంటే, మాట తడబడుతుంటే, పెదవులు కమిలితే వెంటనే ఆసుపత్రికి రండి.

మన ఇంటి సంగతి

అమెరికావారి తప్పులు చదివి మనం తలలు ఊపడం తేలిక. మనవారు కూడా ఈ రంగు భేదాన్ని అనుభవించారు. డోర్నకల్ బిషప్‌గా మన తెలుగువారు ఎరిగిన వి.ఎస్. అజరయ్యగారు 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో తెల్ల మిషనరీల ముందు నిలబడి, మీరు మా కోసం చేసిన త్యాగాలకు కృతజ్ఞులమే కానీ మాకు స్నేహం కూడా కావాలి అనే భావంతో మాట్లాడారు. చాలామందికి ఆ మాట నచ్చలేదు. రెండేళ్లకు, 1912లో, ఆయన ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. ఆయన కూడా సేవ చేస్తూనే లెక్క అడిగారు.

మరి మన లెక్క ఏమిటి? ప్రసూతి వార్డులో బిడ్డ పుట్టిందని చెప్పగానే, తల్లి ఎలా ఉందని అడగకముందే, పిల్ల రంగెలా ఉందమ్మా అని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. తెల్లబడాలని ఏ డాక్టరూ రాయని క్రీములు పూసుకొని ముఖం పాడుచేసుకున్న ఆడపిల్లలు మా ఓపీకి వస్తుంటారు. కొన్ని క్రీములలో స్టెరాయిడ్లు, పాదరసం ఉంటాయి. అవి చర్మాన్ని, పాదరసమైతే మూత్రపిండాలను కూడా దెబ్బతీస్తాయి.

ఇంకొక సంగతి చెప్పడానికి మాకు సిగ్గుగా ఉంది. అయినా చార్టు రాయాలని చెప్పే మేము దీన్ని రాయకుండా ఉండలేము. మా నర్సుల గదిలో కిటికీ గట్టు మీద ఒక స్టీలు గ్లాసు ఉండేది. అది మా వార్డు శుభ్రం చేసే ఆయమ్మది. అందరి గ్లాసులు బల్ల మీద, ఆమెది కిటికీలో. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో మాలో ఎవరికీ గుర్తు లేదు. అలవాటు అనుకున్నాము. ఆమె మా సంఘపు మనిషే. మేము పుచ్చుకునే ప్రభువు బల్లలోనే ఆమె కూడా పాలు పుచ్చుకుంటుంది.

కరోనా రెండవ విడతలో, 2021 వేసవిలో, చనిపోయినవారిని గుడ్డలో చుట్టడానికి సొంతవారు రాని రోజులలో, మాతోపాటు నిలబడి చుట్టింది ఆ ఆయమ్మే. కొన్నాళ్లకు ఆమెకే జ్వరం వచ్చి మా వార్డులో చేరింది. ఒక సాయంత్రం మాలో ఒకరము టీ పోసి మంచం దగ్గరికి తీసుకెళ్లాము. ఆమె లేచి కూర్చుని, కప్పు వైపు చూసి, "సిస్టరమ్మగారూ, ఇది మీ కప్పండి. నా గ్లాసు కిటికీలో ఉంటదమ్మా, అది తెచ్చి పొయ్యండి" అంది. కోపంతో అనలేదు. జాగ్రత్తగా, మాకు ఇబ్బంది కలగకూడదని అంది.

మేము ఏమీ మాట్లాడలేకపోయాము. ఆ కప్పులోనే తాగమని బతిమాలాము. ఆ రాత్రే గ్లాసు కిటికీ నుండి బల్ల మీదికి వచ్చింది. మందిరంలో జోన్స్‌ను లేపిన పెద్దకు తాను తప్పు చేస్తున్నట్లు తోచి ఉండదు. మాకూ తోచలేదు.

గ్లాసు జరపడానికి ఒక్క నిమిషం పట్టింది. లెక్క చూడడానికి చాలా రోజులు పట్టింది. ఆమె కోలుకొని పనికి వచ్చాక మాకేమి చేయమంటావు అని అడిగాము. టీ గురించి ఆమె ఒక్క మాట కూడా అనలేదు. మందపాటి గ్లౌజులు కావాలంది. చెత్త సంచులలో సూదులు గుచ్చుకుంటున్నాయంది. అప్పుడు రిజిస్టరు తీసి చూశాము. నర్సులందరికీ హెపటైటిస్ బి టీకా మూడు డోసులు పడ్డాయి. శుభ్రం చేసేవారిలో చాలామందికి ఒక్కటీ పడలేదు. సూది మేము వాడి పారేస్తే, గుచ్చుకునేది వారికి. యాజమాన్యానికి రాసి అడిగాము. ఇప్పుడు వారందరికీ టీకాలు పూర్తయ్యాయి, గ్లౌజులు, బూట్లు వచ్చాయి. జరిగినదాని కంటే జరగవలసింది ఇంకా ఎక్కువే ఉంది.

మనము చేయగలిగినవి

* రక్తం ఇచ్చినది ఎవరు, ఏ కులం అని అడగవద్దు. గ్రూపు సరిపోయిందా, పరీక్షలు చేశారా అని మాత్రమే అడగండి.

* శుభ్రం చేసేవారిని, ఆయమ్మలను, వార్డు బాయ్‌లను "ఏయ్" అని పిలవవద్దు. పేరు తెలుసుకొని, అక్కా అనో, అన్నా అనో పిలవండి.

* ఇంట్లో పనిచేసేవారికి వేరే గ్లాసు, వేరే పళ్లెం ఉంటే ఈ వారమే తీసివేయండి. అంటురోగం ఉన్నప్పుడు జాగ్రత్తలు వేరు, అవి అందరికీ ఒక్కటే.

* వాడిన సూదులు, బ్లేడ్లు, షుగరు ఇంజెక్షన్లు మామూలు చెత్తలో వేయవద్దు. గట్టి డబ్బాలో వేసి మూతపెట్టి ఆసుపత్రిలో అప్పగించండి.

* పారిశుధ్య పని చేసేవారు హెపటైటిస్ బి టీకా తప్పక వేయించుకోవాలి. మొదటి డోసు తరువాత ఒక నెలకు రెండవది, ఆరు నెలలకు మూడవది.

* సంఘములో ఎవరు ముందు కూర్చుంటున్నారు, ఎవరు వెనుక నిలబడుతున్నారు, సమాధుల తోట ఒక్కటేనా, రెండా అని పెద్దలు నిజాయితీగా చూసుకోవాలి. యాకోబు పత్రిక 2వ అధ్యాయము ఇంట్లో అందరూ కలిసి చదవండి.

* మా ఆసుపత్రిలో మీకు గాని, మరొకరికి గాని భేదం చూపినట్లు అనిపిస్తే ఫిర్యాదు పుస్తకంలో తేదీ, సమయం, జరిగిన సంగతి రాయండి. మా మీద అయినా సరే. రాసినదే మిగులుతుంది.

ప్రియులారా, మనలను నొప్పించినవారికి సేవ చేయమని ప్రభువు పిలిచినప్పుడు వెళ్దాము. అయితే నొప్పిపడినవారినే ఎప్పుడూ సేవ చేయమని, మౌనంగా ఉండమని మనము అడగకూడదు. వారు లెక్క చెప్పినప్పుడు వినడం కూడా భక్తియే. అలెన్, జోన్స్ లెక్కల పుస్తకం ఈనాటికీ చదవబడుతోంది. మన లెక్క కూడా ఒక దినాన చదవబడుతుంది.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, ఒక్క రక్తముతో మమ్మును చేసిన దేవా, మేము వేరుగా పెట్టిన గ్లాసులను మాకు చూపించుము. రోగి దగ్గర వంగే మోకాళ్లను, నిజము చెప్పే నోటిని, సరియైన లెక్క రాసే చేతిని మాకు దయచేయుము. లేపివేయబడినవారి పక్కన కూర్చునే ధైర్యము మాకిమ్ము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.

ఇట్లు
మీ సేవలో,
నర్సింగ్ సూపరింటెండెంట్ మరియు నర్సింగ్ విభాగం